కింద మనం, పైన అద్దెకు.. హైదరాబాద్‌లో తొలి ఇల్లు ఏ ఏరియాలో కొనాలి? ఈ లెక్క వేసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి!

నెలనెలా 18 వేలు అద్దె కడుతున్నాం.. ఆ డబ్బేదో ఈఎంఐకి పోతే సొంతిల్లు వచ్చేదిగా! అద్దె ఇంట్లో ఉండే ప్రతి కుటుంబంలో వినిపించే మాట ఇది. కానీ ఫ్లాట్ కొంటే పైసా అద్దె రాదు. ప్లాట్ కొంటే తల దాచుకోడానికి ఇల్లుండదు. అందుకే చాలామంది మూడో దారి పడుతున్నారు. జీ ప్లస్ వన్ ఇల్లు కొని, కింద తాముంటూ పై పోర్షన్లు అద్దెకు ఇచ్చేస్తున్నారు.

అమెరికాలో దీన్ని ‘హౌస్ హ్యాకింగ్’ అంటున్నారు. పేరు కొత్తదే గానీ పద్ధతి మనకు పాతదే. వనస్థలిపురం, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల కింద ఓనర్, పైన టెనెంట్ అన్న ఇళ్లు వీధివీధికీ కనిపిస్తాయి. ఆ తరం వాళ్లు చాలామంది చేతిలో డబ్బు ఉన్నప్పుడు స్థలం కొని, మెల్లగా ఒక్కో అంతస్తు లేపారు. ఇప్పుడు కొనేవాళ్ల పరిస్థితి వేరు. ఇల్లు మొత్తం ఒకేసారి, 20 ఏళ్ల లోన్ మీద కొంటున్నారు. ఏరియా తప్పితే ఆ 20 ఏళ్లూ మోయాల్సిందే. మరి ఎక్కడ కొనాలి? ఏం చూసి కొనాలి?

అమెరికా లెక్క ఇక్కడ కుదరదు

ముందుగా ఒక అపోహ వదిలించుకోవాలి. యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి ‘అద్దెతోనే ఈఎంఐ మొత్తం కట్టేయొచ్చు’ అనుకుంటే దెబ్బతింటారు. అక్కడ తానే ఉండటానికి కొనేవాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ లోన్ ఉంది. క్రెడిట్ స్కోరు 580 దాటితే, నాలుగు యూనిట్ల ఇంటికి కూడా 3.5 శాతం డౌన్‌పేమెంట్ సరిపోతుంది. షరతల్లా ఏంటంటే, ఒక యూనిట్‌లో కొన్నవాళ్లే ఉండాలి. (గ్రీన్‌కార్డు లేని హెచ్1బీ ఉద్యోగులకు మాత్రం 2025 మే 25 నుంచి ఈ లోన్ ఇవ్వడం లేదు. అక్కడున్న మనవాళ్లు ఇది గమనించాలి.)

మన దగ్గర ఆర్‌బీఐ రూల్ వేరు. 30 లక్షల వరకు లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, 75 లక్షలు దాటితే 75 శాతం.. అంతకు మించి బ్యాంకు ఇవ్వదు. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఈ లెక్కలోకి రావు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అది సొంత జేబులోంచే పెట్టుకోవాలి.

ఇంకో తేడా కూడా ఉంది. మన నగరాల్లో ఇంటి ధరతో పోలిస్తే ఏడాది అద్దె చాలా తక్కువ. ఇంటి లోన్ వడ్డీ దానికంటే బాగా ఎక్కువ. అందుకే అద్దె ఈఎంఐని తగ్గిస్తుందే గానీ తీర్చేయదు. ఎంత తగ్గిస్తుందన్నది ఏరియాని బట్టి ఉంటుంది.

రెండు ఇళ్లు.. ఒకే భారం! ఎలా?

అర్థం కావడానికి ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవి. మీరు చూస్తున్న ఇంటి అంకెలు వీటి స్థానంలో పెట్టుకోండి. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు, ఇప్పుడు కడుతున్న అద్దె 18 వేలు అనుకుందాం.

మొదటి ఇల్లు: మెట్రోకు, బస్సుకు దగ్గర్లో ఉన్న పాత కాలనీ. ధర కోటి రూపాయలు.
- లోన్ 75 లక్షలు. ఈఎంఐ దాదాపు 65,100.
- చేతి నుంచి పెట్టేది 25 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 7.5 లక్షలు. మొత్తం 32.5 లక్షలు.
- పైన రెండు పోర్షన్లు. ఒక్కోటి 13 వేలు. ఏడాదిలో 11 నెలలు నిండాయనుకుందాం. ఒక నెల అద్దె రిపేర్లకు, ప్రాపర్టీ ట్యాక్స్‌కు తీసేస్తే నెలకు సగటున 21,700 మిగులుతుంది.
- ఈఎంఐలో అది పోతే 43,400. మీరు కట్టే 18 వేల అద్దె కూడా ఆగిపోతుంది కాబట్టి, అదనపు భారం నెలకు 25,400.

రెండో ఇల్లు: ఔటర్ దగ్గర కొత్త వెంచర్. ధర 70 లక్షలు.
- లోన్ 52.5 లక్షలు. ఈఎంఐ దాదాపు 45,600.
- చేతి నుంచి పెట్టేది రిజిస్ట్రేషన్‌తో కలిపి 22.75 లక్షలు.
- ఇక్కడా రెండు పోర్షన్లే. కానీ ఒక్కోదానికి 7,500 పలికింది. ఏడాదిలో మూడు నెలలు ఖాళీ. ఖర్చులు పోను నెలకు సగటున 10 వేలు.
- ఈఎంఐలో అది పోతే 35,600. ఆగిపోయిన అద్దె తీసేస్తే 17,600. భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకు వెళ్లి రావడానికి అదనంగా 8 వేలు అయితే.. మొత్తం 25,600.

చూశారా? ధరలో తేడా 30 లక్షలు. నెల భారం మాత్రం ఇంచుమించు ఒక్కటే! పైగా రెండో ఇంట్లో రోజూ గంటల కొద్దీ టైమ్ రోడ్డు మీదే పోతుంది.

అలాగని రెండో ఇల్లు అందరికీ తప్పేం కాదు. మొదట్లో పెట్టాల్సిన డబ్బు దాదాపు 10 లక్షలు తక్కువ. చేతిలో అంతే ఉన్నవాళ్లకు, ఆఫీసు అటువైపే ఉన్నవాళ్లకు అది సరైనదే కావచ్చు. కానీ ‘చీప్‌గా వస్తోంది’ అన్న ఒక్క మాటతో సంతకం పెట్టేయొద్దు. ధరతో పాటు అద్దె ఎంత, ఎన్ని నెలలు ఖాళీగా ఉంటుంది, మీ ప్రయాణం ఎంత.. ఈ మూడూ కలిపితేనే అసలు ధర తెలుస్తుంది.

టెనెంట్ ఎక్కడి నుంచి వస్తారు?

కొనబోయే ఇంటి నుంచి చుట్టూ చూడండి. అరగంట దూరంలో ఎవరు పని చేస్తున్నారు? ఎవరు చదువుకుంటున్నారు? దానికి జవాబు ఉంటేనే పై పోర్షన్ నిండుతుంది.

- కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ, మియాపూర్ వైపు: ఐటీ ఉద్యోగులు, జేఎన్‌టీయూ విద్యార్థులు, కోర్సుల కోసం వచ్చేవాళ్లు. మెట్రో ఉంది. డిమాండ్ ఉంటుంది గానీ ఇండిపెండెంట్ ఇంటి ధర కూడా అలాగే ఉంటుంది.
- దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్ వైపు: కోచింగ్ విద్యార్థులు, చిరు వ్యాపారులు, ఉద్యోగ కుటుంబాలు. మియాపూర్ - ఎల్బీనగర్ మెట్రో లైన్ ఇటే వస్తుంది.
- ఉప్పల్, నాగోల్, బోడుప్పల్ వైపు: నాగోల్ - రాయదుర్గం మెట్రో లైన్ పట్టుకుని హైటెక్ సిటీ వెళ్లేవాళ్లు, ఉప్పల్, పోచారంలోని ఐటీ కంపెనీల్లో చేసేవాళ్లు.
- ఈసీఐఎల్, ఏఎస్‌రావు నగర్, కుషాయిగూడ వైపు: ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ ఉద్యోగులు, చర్లపల్లి పారిశ్రామికవాడలో పనిచేసేవాళ్లు. కుటుంబాలు ఎక్కువ.
- బీహెచ్‌ఈఎల్, రామచంద్రాపురం, పటాన్‌చెరు వైపు: ఫ్యాక్టరీల ఉద్యోగులు.
- ఆదిభట్ల, శంషాబాద్ వైపు: ఏరోస్పేస్, ఐటీ, ఎయిర్‌పోర్ట్ ఉద్యోగులు. ఊరు ఊరుకీ, వీధి వీధికీ పరిస్థితి మారుతుంది. జాగ్రత్తగా చూడాలి.

ఒకే కంపెనీని, ఒకే కాలేజీని నమ్ముకున్న ఏరియా కంటే రెండు మూడు రకాల టెనెంట్లు వచ్చే ఏరియా మేలు. కాలేజీకి సెలవులిచ్చినా, కంపెనీ వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చినా ఇల్లు ఖాళీ కాదు. 2020 లాక్‌డౌన్‌లో విద్యార్థులు, ఐటీ వాళ్లు ఊళ్లకు వెళ్లిపోతే హాస్టళ్లు, పోర్షన్లు ఎలా ఖాళీ అయ్యాయో అందరం చూశాం.

మరి గచ్చిబౌలి, కొండాపూర్? టెనెంట్లకు కొదవలేదు. కానీ అక్కడ ఇండిపెండెంట్ ఇళ్ల ధరలు తొలిసారి కొనే మధ్యతరగతికి అందేలా లేవు. అదే డబ్బుకు ఫ్లాట్ వస్తుంది.. ఫ్లాట్‌లో అద్దెకిచ్చే రెండో పోర్షన్ ఉండదు.

‘రేపు మెట్రో వస్తుంది సార్’

బ్రోకర్లు తప్పకుండా చెప్పే డైలాగ్ ఇది. నమ్మే ముందు పాత అనుభవం గుర్తు చేసుకోండి. మొదటి దశ పనులు 2012లో మొదలైతే, తొలి రైలు 2017 నవంబరులో నడిచింది. జేబీఎస్ - ఎంజీబీఎస్ లైన్ 2020 ఫిబ్రవరిలో గానీ తెరుచుకోలేదు. మీ ఈఎంఐ మాత్రం వచ్చే నెల నుంచే మొదలవుతుంది. ఇవాళ ఉన్న బస్సు, ఇవాళ ఉన్న రోడ్డు, ఇవాళ పలికే అద్దె.. వీటికే ధర కట్టండి. మెట్రో వస్తే అది బోనస్.

ఒక ఆదివారం.. టెనెంట్‌లా తిరగండి

ఏరియా అద్దె ఎంతో తెలుసుకోవడానికి బ్రోకర్‌ని అడగొద్దు. అమ్మేవాళ్లు చెప్పే అద్దె ఎప్పుడూ రెండు మూడు వేలు ఎక్కువే ఉంటుంది. మీరే ఇల్లు వెతుక్కుంటున్నట్టు తిరగండి.

- టులెట్ బోర్డులకు ఫోన్ చేయండి. అద్దె, అడ్వాన్స్, మెయింటెనెన్స్, ఎప్పటి నుంచి ఖాళీ అని అడగండి. కనీసం పది ఇళ్లు చూడండి.
- రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లండి. అవే బోర్డులు అక్కడే వేలాడుతుంటే ఆ వీధిలో ఇళ్లు నిండటం లేదని అర్థం.
- కిరాణా షాపులో, ఇస్త్రీ బండి దగ్గర కాసేపు మాట్లాడండి. ఎవరు ఖాళీ చేశారు, ఎందుకు చేశారు అన్నది వీళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.
- రాత్రి 9 గంటలకు ఒకసారి, ఉదయం ఆఫీసు టైమ్‌లో ఒకసారి వెళ్లి చూడండి. వీధి దీపాలు, కుక్కలు, ట్రాఫిక్ అన్నీ అప్పుడే తెలుస్తాయి.

నీళ్లు.. కరెంటు మీటర్లు

హైదరాబాద్‌లో టెనెంట్ అడిగే మొదటి ప్రశ్న ‘నీళ్లు ఎలా ఉంటాయండీ?’ అనే. మంజీరా, కృష్ణా, గోదావరి నీటి కనెక్షన్ ఇంటికి ఉందా? ఎన్ని రోజులకోసారి వదులుతారు? సంపు ఎంత పెద్దది? బోరు మే నెలలో పోస్తుందా? పక్కింటి వాళ్లను అడిగితే నిజం తెలుస్తుంది. జలమండలి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం కూడా కనెక్షన్, పనిచేసే మీటర్ ఉన్న ఇళ్లకే. వేసవి అంతా ట్యాంకర్ల మీద నడిచే ఇల్లయితే ఆ ఖర్చు అద్దెలోంచి తీసేసి లెక్క వేసుకోండి.

ఇక కరెంటు. పోర్షన్‌కు ఒక మీటర్ ఉందో లేదో చూడండి. అందరికీ ఒకే మీటర్ అయితే యూనిట్లు పెరిగి పై స్లాబ్‌లోకి వెళ్తాయి, బిల్లు పంచుకునే దగ్గర రోజూ గొడవే. పైగా తెల్ల రేషన్‌కార్డు ఉన్నవాళ్లకు 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం అద్దెకుండేవాళ్లకూ వర్తిస్తుంది. విడి మీటర్ ఉన్న పోర్షన్‌ని అలాంటి కుటుంబాలు వెంటనే తీసుకుంటాయి.

చెరువు ఎంత దూరం? ఇది మాత్రం మరవొద్దు

2020 అక్టోబరు వరదలు గుర్తున్నాయా? టోలిచౌకి నదీమ్ కాలనీ, సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటి చోట గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేది ఎవరు? మీరే. పైనున్న టెనెంట్ ఖాళీ చేసి వెళ్లిపోతాడు. మీరు వెళ్లలేరు.

ముంపు ఒక్కటే సమస్య కాదు. చెరువు ఎఫ్‌టీఎల్ లోపల, అంటే నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు లోపల కట్టడం నిషేధం. దాని బయట 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ జోన్. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక ఇలాంటి కట్టడాల కూల్చివేతలు అందరం చూశాం. ధర మరీ తక్కువగా ఉంటే ముందు అనుమానించాల్సింది ఇదే. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, సర్వే నంబర్‌తో సరిచూసుకోండి. పెద్ద వాన పడిన మర్నాడు స్వయంగా వెళ్లి చూస్తే ఇంకా మంచిది.

పై అంతస్తుకు పర్మిషన్ ఉందా?

అద్దె వచ్చేది పై అంతస్తు నుంచే. కాబట్టి దానికే పర్మిషన్ లేకపోతే కథ అడ్డం తిరిగినట్టే. ప్లాన్‌లో జీ ప్లస్ వన్ ఉండి, మేడ మీద పెంట్‌హౌస్ కూడా వేసి ‘మూడు అద్దెలు’ అని అమ్మే ఇళ్లు ఉన్నాయి. బ్యాంకు సాధారణంగా ప్లాన్‌లో ఉన్నదానికే విలువ కడుతుంది. మీరు మూడింటికీ డబ్బిచ్చి, రెండింటికే లోన్ తెచ్చుకుంటారు. మిగతాది సొంత డబ్బు.. పైగా కూల్చివేత భయం.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూడాలి:
- శాంక్షన్ ప్లాన్, అందులోని అంతస్తులు ఎదురుగా ఉన్న ఇంటితో సరిపోతున్నాయా?
- ఈసీ, లింక్ డాక్యుమెంట్లు. లాయర్‌తో చదివించండి.
- రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత ఆస్తుల జాబితాలో ఆ సర్వే నంబర్ ఉందా?
- లేఅవుట్‌కు అనుమతి ఉందా, లేకపోతే ఎల్‌ఆర్‌ఎస్ పూర్తయిందా?
- నోటరీ, జీపీఏ మీద అమ్ముతామంటే దూరంగా ఉండండి. జీపీఏ అమ్మకంతో యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

ఇంటి ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లే 1 శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్లు విదేశాల్లో ఉంటే రూల్ వేరు, రేటు ఎక్కువ. సీఏని అడగకుండా డబ్బు ఇవ్వొద్దు.

పోర్షన్ ఎలా ఉండాలి?

మెట్లు బయటి నుంచి ఉండాలి. టెనెంట్ మీ హాల్లోంచి వెళ్లాల్సిన ఇల్లు ఎంత అందంగా ఉన్నా వద్దు. విడి గేటు ఉంటే ఇంకా మంచిది. ఒక్కో పోర్షన్‌కు కనీసం ఒక బైక్ పెట్టే చోటు కావాలి. తూర్పు, ఉత్తరం ఫేసింగ్ పోర్షన్లు తొందరగా పోతాయి. మీకు వాస్తు పట్టింపు లేకపోయినా టెనెంట్‌కు ఉంటుంది.

ఇంకో మాట. ‘ఓనర్ కిందే ఉంటారా?’ అని కొందరు ముందే అడిగి వెనక్కి తగ్గుతారు. చుట్టాలొచ్చినా, రాత్రి ఆలస్యమైనా, నీసు వండినా మాట పడాల్సి వస్తుందని వాళ్ల భయం. కాబట్టి రూల్స్ ఏమున్నా ముందే చెప్పి, తర్వాత వాళ్ల పనిలో వేలు పెట్టకపోవడమే మంచిది. నచ్చినవాళ్లు మూడేళ్లు ఉంటే, రెండు వేలు ఎక్కువిచ్చి ఆరు నెలలకు వెళ్లిపోయేవాళ్ల కంటే లాభమే. అగ్రిమెంట్ తప్పనిసరి. 11 నెలలకు రాసుకోవడం వాడుక.

ట్యాక్స్ సంగతి

మీరుండే భాగం, అద్దెకిచ్చిన భాగం.. ఇన్‌కం ట్యాక్స్‌లో రెండూ వేర్వేరు. అద్దెలోంచి కట్టిన ప్రాపర్టీ ట్యాక్స్ తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం ఖర్చుల కింద మినహాయిస్తారు. లోన్ వడ్డీలో అద్దె భాగానికి వచ్చే వాటా కూడా తగ్గుతుంది. మీరుండే భాగం వడ్డీకి పాత విధానంలో 2 లక్షల వరకు మినహాయింపు ఉంది, కొత్త విధానంలో లేదు. అద్దె భాగంలో నష్టం వచ్చినా కొత్త విధానంలో దాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. ఏ విధానం లాభమో కొనే ముందే లెక్క వేయించుకోండి.

ఏపీలోనూ ఇదే లెక్క

ఊరు మారినా ప్రశ్న మారదు. విశాఖలో గాజువాక అయితే స్టీల్‌ప్లాంట్, పరవాడ ఫార్మా ఉద్యోగులు. విజయవాడలో పటమట అయితే ఆటోనగర్. తిరుపతిలో యూనివర్సిటీల విద్యార్థులు, ఉద్యోగులు. ఎక్కడైనా టెనెంట్ ఎవరో ముందు తేల్చుకుని, తర్వాతే ఇల్లు వెతకాలి.

సంతకానికి ముందు ఒక్క ప్రశ్న

పై పోర్షన్లు రెండూ మూడు నెలలు ఖాళీగా ఉన్నాయనుకోండి. జీతంతోనే ఈఎంఐ కట్టగలరా? మన ఉదాహరణలోని మొదటి ఇంటికి అది 1.95 లక్షలు. ఆ డబ్బు పక్కన పెట్టి కొనగలిగితే ధైర్యంగా ముందుకెళ్లండి. డౌన్‌పేమెంట్‌కే చేతిలో ఉన్నదంతా అయిపోతుంటే, ఇంకో ఏడాది ఆగినా తప్పులేదు. అద్దె ఇంట్లో ఇంకో ఏడాది ఉంటే పోయేది రెండు లక్షల చిల్లర. తప్పు వీధిలో ఇల్లు కొంటే పోయేది 20 ఏళ్ల జీతం.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. కొనే ముందు లాయర్, సీఏ, బ్యాంకు సలహా తీసుకోండి.)